తల్లి విద్యార్హత

మన స్కూల్ అడ్మిషన్ ఫారం నింపిన తల్లిదండ్రులందరికీ ఆ గడి గుర్తుండే ఉంటుంది. పిల్లల పేరు, పుట్టిన తేదీ, బ్లడ్ గ్రూపు, ఇంటి అడ్రస్ అన్నీ అయ్యాక కింద రెండు గడులు పక్కపక్కనే ఉంటాయి. తండ్రి విద్యార్హత, తల్లి విద్యార్హత.

2016లో మా పెద్దమ్మాయిని ఒకటో తరగతిలో చేర్పించినప్పుడు ఫారం మా ఆయనే నింపారు. తన గడిలో డిగ్రీ అని రాసుకున్నారు. నా గడి దగ్గర పెన్ను ఆపి నా మొహం చూశారు. "పది" అన్నాను. ఆయనకు సంగతి తెలుసు. అయినా ఏమీ అనకుండా అదే రాశారు.

నిజానికి నేను పదో తరగతి పరీక్షలు రాశాను కానీ పాసవ్వలేదు. 2001లో నల్లగొండ జిల్లాలో మా ఊరి హైస్కూల్లో చదివేదాన్ని. మిగతా సబ్జెక్టులన్నీ గట్టెక్కాను. లెక్కల్లో 28 వచ్చాయి. పత్తి తీసే రోజుల్లో మా ఇంట్లో ఆడపిల్లలం బడి మానేసి చేలోకి వెళ్లేవాళ్లం. ఆ నెలల్లో క్లాసులో ఏం చెప్పారో నాకు తెలిసేది కాదు. తిరిగి వెళ్లేసరికి బోర్డు నిండా ఎక్స్‌లు, వైలు ఉండేవి. అడగాలంటే భయం. సప్లిమెంటరీ ఫీజు కడదామని నాన్న అన్నారు గానీ, నాకే మళ్లీ ఆ హాల్లో కూర్చునే ధైర్యం చాలలేదు. మెమో తీసుకెళ్లి ట్రంకు పెట్టె అడుగున బట్టల కింద పెట్టేశాను. మూడేళ్లకు పెళ్లయింది.

2008 నుంచి తార్నాకలో మాకు చిన్న జిరాక్స్, బైండింగ్ షాపు ఉంది. ఉస్మానియా క్యాంపస్ దగ్గరే కాబట్టి మా గిరాకీ అంతా విద్యార్థులే. పరీక్షల ముందు నోట్సులు, ఉద్యోగాల నోటిఫికేషన్లు పడితే అప్లికేషన్లు, ఏడాది పొడవునా పీహెచ్‌డీ థీసిస్‌లు. రెక్సిన్ అట్ట వేసి, దాని మీద బంగారు రంగు అక్షరాలు అద్ది ఇస్తాం. మూడు వందల పేజీల కట్టలో ఒక్క పేజీ తలకిందులైనా అంచు చూసి పట్టుకుంటాను. అట్ట మీద పేరు తప్పు పడకుండా ఒకటికి రెండుసార్లు సరిచూసేది నేనే. అంతమంది డాక్టర్లు నా చేతుల మీదుగా వెళ్లారు. నాకు మాత్రం పదో తరగతి సర్టిఫికెట్ లేదు. ఈ మాట ఎవరితోనూ అనేదాన్ని కాదు.

2022 వర్షాకాలం. పాప ఏడో తరగతి. స్కూలు నుంచి నేరుగా షాపుకొచ్చి కౌంటర్ వెనక హోంవర్క్ చేసుకునేది. ఒక సాయంత్రం, ఒకవైపే ప్రింటయిన పాత కాగితాల కట్టలోంచి ఒకటి లాగితే మధ్యలో మడతపెట్టిన యూనిట్ టెస్ట్ పేపర్ దొరికింది. మ్యాథ్స్, 25కి 9. తల్లిదండ్రుల సంతకం దగ్గర ఖాళీ.

షాపులో మనుషులున్నారని కూడా చూడకుండా అరిచాను. "వేలకు వేలు ఫీజు కడుతున్నాం, తొమ్మిది మార్కులా? పైగా దాస్తావా?" అన్నాను. అది తల దించుకుని నిలబడింది. కాసేపటికి మెల్లగా అడిగింది: "అమ్మా, నీకు టెన్త్‌లో మ్యాథ్స్‌లో ఎన్నొచ్చాయి?"

"అరవై రెండు" అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అబద్ధం అంత తేలిగ్గా వచ్చింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పేపర్ దాచినందుకు దాన్ని తిట్టాను. మరి నేను దాచింది ఇరవై ఒక్క ఏళ్లుగా పెట్టెలోనే ఉంది కదా.

మా షాపుకు వచ్చేవాళ్లలో గణితంలో పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయి ఉండేది. ఖమ్మం వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండేది. నన్ను అక్కా అనేది, నేను చెల్లీ అనేదాన్ని. ఒకరోజు ఎవరికో ఓపెన్ టెన్త్ అప్లికేషన్ ప్రింటు తీస్తుంటే పక్కన నిలబడి చూసింది. వచ్చినాయనకు నేను అన్ని రూల్సూ గడగడా చెబుతున్నాను. పద్నాలుగేళ్లు నిండితే చాలు, పైన వయసుకు హద్దు లేదు. మొత్తం ఐదు సబ్జెక్టులు, అందులో కనీసం ఒక భాష ఉండాలి. పాసవడానికి 35 మార్కులు. ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు. ఈ సారి పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు, మిగిలినవి రాసుకుంటే సరిపోతుంది.

ఆయన వెళ్లాక చెల్లి నవ్వింది. "ఇన్ని రూల్స్ మీకెట్ల గుర్తున్నయక్కా? మీరు గిట్ల రాస్తున్నరా ఏంది?"

కాదు అనాల్సింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మొత్తం చెప్పేశాను. పాప పేపర్ సంగతి, అరవై రెండు సంగతి కూడా.

"నేను చెప్తా. ఫీజు వద్దు. నా డ్రాఫ్టులు ప్రింటు తీసివ్వండి, సాలు" అంది. మా ఒప్పందం అంతే.

తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠంలో తెలుగు మీడియంలోనే పేరు నమోదు చేసుకున్నాను. దగ్గర్లోని హైస్కూల్ ఒకటి స్టడీ సెంటర్. అక్కడ సెలవు రోజుల్లో క్లాసులు జరిగేవి. సబ్జెక్టులు ఎంచుకునే రోజున చెల్లి ఒక మాట చెప్పింది. "అక్కా, ఓపెన్ స్కూల్‌లో లెక్కలు తప్పనిసరి కాదు. దాని బదులు వేరే సబ్జెక్టు తీసుకోవచ్చు. ఆలోచించుకోండి."

ఆ రూల్ నాకూ తెలుసు. ఎంతోమందికి చెప్పినదాన్నే. లెక్కలు వదిలేస్తే ఏప్రిల్‌కల్లా సర్టిఫికెట్ చేతికొచ్చేది. కానీ సర్టిఫికెట్ ఒక్కటే కావాలంటే పాప ముందు నేను ఇంత సిగ్గుపడాల్సిన పని లేదు. తెలుగు, ఇంగ్లిష్, సాంఘిక శాస్త్రం, ఎకనామిక్స్, ఐదోది గణితం. అలా రాసిచ్చాను.

పొద్దున్నే ఐదున్నరకు మా ఆయన పిల్లల్ని చూసుకుంటే నేను క్యాంపస్‌లోకి నడిచి వెళ్లేదాన్ని. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం ముందు వాకింగ్‌కు వచ్చేవాళ్లు తిరుగుతుంటే, మేం ఒక పక్కన కూర్చుని గంటసేపు లెక్కలు చేసేవాళ్లం. ఏళ్ల తరబడి అటుగా వెళ్తూ ఆ భవనాన్ని చూసినదాన్నే. చదువుకోవడానికని అక్కడ కూర్చోవడం మాత్రం అదే మొదటిసారి.

మొదటి వారంలోనే చెల్లికి నా జబ్బు అర్థమైంది. లెక్క తప్పితే నేను పేజీ చింపేసేదాన్ని. నాలుగు రోజులకే నోట్‌బుక్ సగమైంది. అది చూసి కొత్త నోట్‌బుక్ తెప్పించి, అన్ని పేజీలకూ తన చేత్తో నంబర్లు వేసింది. "ఇందులో ఒక్క పేజీ పోయినా నేను రాను. తప్పయితే ఒక్క గీత కొట్టి వదిలేయండి. ఏ స్టెప్పుల తప్పు పోయిందో నాకు కనబడాలి గద. చింపేస్తే ఏం చూడాలె?"

ఎక్స్ అంటే నా భయం పోగొట్టడానికి మా షాపు బిల్లే పట్టుకుంది. "బైండింగ్‌కు 150, పేజీకి రూపాయి. మొత్తం 430 అయింది. పేజీలెన్ని?" అంది. 280 అని టక్కున చెప్పాను. "ఎట్ల చెప్పినరు?" 430లోంచి 150 తీసేశాను. "మీరు తీసేసిందే సమీకరణం. పేజీలెన్నో తెల్వనప్పుడు దాని పేరు ఎక్స్. అంతే." పత్తి చేలో ఉన్న నెలల్లో నేను పోగొట్టుకున్నది ఇంత చిన్న విషయమా అనిపించి, నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వర్గమూలాల దగ్గర మళ్లీ ఆగిపోయాను. రెండుకు వర్గమూలం 1.414 అని పుస్తకంలో ఉంది. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో, ఎందుకో ఏమీ అర్థం కాలేదు. ఆ రోజు సాయంత్రం చెల్లి షాపుకే వచ్చింది. "అక్కా, ఏ4ని ఏ3గా పెద్దది చేయాలంటే ఏం నొక్కుతరు?" 141 శాతం. "ఏ3ని ఏ4కు తగ్గించాలంటే?" 71 శాతం. "ఎందుకు?" ఎందుకంటే మెషిన్ మీద అలాగే ఉంటుంది. పద్నాలుగేళ్లుగా నొక్కుతున్నాను, ఒక్కసారీ ఎందుకని అడగలేదు.

ఏ4 కాగితం, స్కేలు తీసుకుని కొలవమంది. పొడవు 297 మిల్లీమీటర్లు, వెడల్పు 210. భాగిస్తే 1.414. ఆ కాగితాన్ని మధ్యకు మడిస్తే వచ్చే ఏ5కీ పొడవు, వెడల్పు అదే నిష్పత్తిలో ఉంటాయి. అందుకే సగానికి తగ్గించినా అక్షరాలు సాగిపోవు, అంచులు తెగిపోవు. పొడవునూ వెడల్పునూ 0.71తో తగ్గిస్తే వైశాల్యం సుమారు సగమవుతుంది. 1.41తో పెంచితే సుమారు రెట్టింపవుతుంది. నా వేలి కింద ఇన్నేళ్లుగా ఉన్నది రెండు వర్గమూలమేనని ఆ రోజు తెలిసింది. రాత్రి షాపు మూశాక మా ఆయనను కూర్చోబెట్టి మళ్లీ మొత్తం చెప్పాను. పాపం, ఓపిగ్గా విన్నారు.

ఒక ఆదివారం విద్యానగర్ వైపు యూనివర్సిటీ రోడ్డు మీద ఆంధ్ర మహిళా సభ ముందు నుంచి నడుస్తుంటే చెల్లి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గురించి చెప్పింది. ఆమె పేరు విన్నానే గానీ వివరాలు తెలియవు. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. స్వాతంత్య్రోద్యమంలోకి వెళ్లి బడి వదిలేశారు, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. బయటికొచ్చాక బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు సొంతంగా చదివి పాసయ్యారు. ఆ తర్వాత డిగ్రీ, లా చదివి, రాజ్యాంగ సభ సభ్యురాలయ్యారు. నన్ను ఆపింది ఇవేవీ కాదు. మద్రాసులో తను చదువుతూనే మరికొందరు ఆడపిల్లల్ని కూర్చోబెట్టుకుని అదే మెట్రిక్ పరీక్షకు తయారు చేశారట. 1937లో పుట్టిన ఆంధ్ర మహిళా సభకు మొదలు ఆ క్లాసులే. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు మొదటి అధ్యక్షురాలు కూడా ఆమే. మధ్యలో చదువాగిన స్త్రీల కోసం తక్కువ కాలంలో పూర్తయ్యే కోర్సులను ఆ బోర్డు 1958లో మొదలుపెట్టింది. అంటే నాలాంటివాళ్ల కోసం ఎవరో ఎప్పుడో ఆలోచించారన్నమాట. నేనొక్కదాన్నే అనుకుని ఇన్నేళ్లు ముడుచుకుపోయాను.

పాపకు అప్పటికింకా చెప్పలేదు. పుస్తకాలు కౌంటర్ కింద పెట్టేదాన్ని. పొద్దున వాకింగ్‌కు వెళ్తున్నానని చెప్పేదాన్ని. ఒకరోజు చెల్లి అడిగింది: "చింపిన పేజీలు ఇంకా ఉన్నయా అక్కా?" నోట్‌బుక్ గురించి కాదని నాకు అర్థమైంది.

ఆ రాత్రి పాపను వంటింట్లోకి పిలిచి ట్రంకు పెట్టెలోంచి తీసిన మెమో చేతిలో పెట్టాను. మడతల దగ్గర చినుగుతోంది. అది చదివింది. 28 దగ్గర ఆగింది. "అరవై రెండు అన్నావు కదా?" అంది. "అబద్ధం చెప్పాను" అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మరి నన్నెందుకు అంత తిట్టావు?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. లేదనే చెప్పాను.

మర్నాటి నుంచి నా పుస్తకాలు కౌంటర్ పైకి వచ్చాయి. సాయంత్రాలు ఇద్దరం చెరోవైపు కూర్చునేవాళ్లం. దానిది ఇంగ్లిష్ మీడియం, నాది తెలుగు. నేను కర్ణం అంటే అది హైపాటెన్యూస్ అనేది. వ్యాసార్థం అంటే రేడియస్. ఒక చార్టు మీద రెండు వరుసల్లో రాసి జిరాక్స్ మెషిన్ పక్క గోడకు అంటించాం. గిరాకీకి వచ్చిన విద్యార్థులు కూడా నిలబడి చదివేవారు. కాంపస్ పట్టుకుని త్రిభుజం గీయడం నాకంటే దానికే బాగా వచ్చు. నా చాపాలు ఒకదానికొకటి కలిసేవి కావు. "అమ్మా, ముల్లు కదపకు" అని నా చేయి పట్టుకుని గీయించేది.

2023 ఏప్రిల్‌లో పరీక్షలు. నా వరుసలో ఆటో నడిపే ఆయన ఒకరు, నాకంటే పెద్దావిడ ఒకరు, మీసాలు రాని కుర్రాళ్లు నలుగురైదుగురు. లెక్కల రోజున మూడు గంటలూ తల ఎత్తలేదు. బయటికొచ్చాక బాగానే రాశాననుకున్నాను.

ఫలితాలు పాపే ఫోన్‌లో చూసింది. నాలుగు సబ్జెక్టులు పాస్. లెక్కల్లో 31.

ఇరవై రెండేళ్ల తర్వాత మూడు మార్కులు పెరిగాయి. ఫోన్ పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయాను. పాప వెనకే వచ్చింది. ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. "సంతకం నేను పెట్టనా?" అంది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

మర్నాడు పొద్దున చెల్లి ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని నా చేత ప్రతి ప్రశ్నా మళ్లీ చేయించింది. సంగతి బయటపడింది. ఒకే ఒక్క పెద్ద లెక్క రాకపోతే దాని మీద నలభై నిమిషాలు కూర్చున్నాను. వచ్చిన గ్రాఫు, నిర్మాణం టైం చాలక వదిలేశాను. "మీకు లెక్కలు రాకపోవడం కాదక్కా, వదిలేయడం రాదు. రానిది పక్కన పెట్టి ముందుకు పోవాలె" అంది. అక్టోబర్ దాకా వాచీ పెట్టి చేయించింది. ఒక్కో ప్రశ్నకు ఇన్ని నిమిషాలని కట్టడి. టైం అయితే ఎంత దాకా వచ్చినా పెన్ను ఆపాల్సిందే. ఈసారి రాయాల్సింది ఒక్క సబ్జెక్టే. మిగతా నాలుగూ ఎక్కడికీ పోలేదు.

అక్టోబర్‌లో మళ్లీ రాశాను. 52 వచ్చాయి.

ఆ శీతాకాలంలోనే చెల్లి థీసిస్ పూర్తయింది. మా షాపులోనే బైండింగ్. అట్ట మీద అక్షరాలు నేనే అద్దాను. ఎప్పటిలా పేరు రెండుసార్లు సరిచూసుకున్నాను. డబ్బులు వద్దంటే వినలేదు. "మన ఒప్పందం ప్రింటింగ్‌కే, బైండింగ్‌కు కాదు" అని లెక్కపెట్టి చేతిలో పెట్టి పోయింది. లెక్కల మనిషి కదా.

2024 జూన్‌లో పాప తొమ్మిదో తరగతికి వచ్చింది. వివరాలు మళ్లీ నింపి ఇవ్వమంటే ఫారం ఇంటికి తెచ్చింది. ఈసారి నేనే కూర్చుని నింపాను. తల్లి విద్యార్హత గడిలో "పది" అని రాశాను. స్కూల్ రికార్డులో ఒక్క అక్షరం మారలేదు. ఎనిమిదేళ్లుగా అక్కడ ఉన్న మాటే మళ్లీ రాశాను మరి. ఆఫీసులో ఫారం తీసుకున్న మేడం చూసి పక్కన పెట్టారు. ఈ నాలుగు మాటలు చదివితే అప్పుడు రాసింది అబద్ధమని ఆమెకూ తెలుస్తుంది. తెలియనివ్వండి.

మీలో కూడా ఆ గడి దగ్గర ఒక్క క్షణం పెన్ను ఆగినవాళ్లు ఉండొచ్చు. దగ్గర్లోని స్టడీ సెంటర్ ఏదో అడిగి తెలుసుకోండి. మా షాపుకొచ్చినా రూల్సన్నీ చెబుతాను. లెక్కలు తీసుకోవాలా వద్దా అన్నది మాత్రం మీ ఇష్టం.

పాపకు మ్యాథ్స్‌లో ఇప్పుడు వందకు వంద ఏమీ రావడం లేదు. మొన్నటి యూనిట్ టెస్ట్‌లో 25కి 13. స్కూలు నుంచి రాగానే బ్యాగు దించకముందే పేపర్ తీసి కౌంటర్ మీద పెట్టింది. "ఇక్కడ, నాలుగో స్టెప్పులో పోయింది" అని వేలు పెట్టి చూపించింది.

సంతకం పెట్టాను.